విడాకుల కేసు హైదరాబాద్‌లో, చెల్లెలు ఉండేది ఇక్కడ: మెయింటెనెన్స్ కేసు ఏ కోర్టులో వెయ్యాలి?

తెనాలి రైలుబండి | మార్చి 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. మా చెల్లెలి విషయం. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

పెళ్ళి 2019లో తెనాలిలో చేశాం. కాపురం హైదరాబాద్ మియాపూర్‌లో, దాదాపు నాలుగున్నరేళ్ళు. నాలుగేళ్ళ పాప ఉంది. గొడవలు ఎందుకు వచ్చాయో ఇక్కడ రాయను, అది వాళ్ళిద్దరి సంగతి. నిరుడు వేసవిలో పాపను తీసుకుని వచ్చేసింది. అప్పటినుంచి బావగారు ఒక్క రూపాయి పంపలేదు. అక్టోబర్‌లో ఆయనకు బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయింది. జనవరిలో హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు నుంచి విడాకుల కేసు సమన్లు వచ్చాయి. వాయిదా ఏప్రిల్ 10.

చెల్లెలు ఆగస్టు నుంచి విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. జీతం 18 వేలు. వారమంతా పటమటలో లేడీస్ హాస్టల్లో ఉంటుంది, శనివారం సాయంత్రం రైలెక్కి తెనాలి వస్తుంది. పాప తెనాలిలో అమ్మ దగ్గరే, ఎల్‌కేజీ. ఆధార్‌లో ఇంకా మియాపూర్ అడ్రసే ఉంది.

ఇప్పుడు మెయింటెనెన్స్, అంటే భరణం కేసు వెయ్యాలి. నలుగురిని అడిగితే నాలుగు ఊళ్ళు చెప్పారు. ఇక్కడి లాయరుగారు తెనాలి అంటున్నారు, పెళ్ళి ఇక్కడే అయింది కాబట్టి. హైదరాబాద్‌లో ఉండే బాబాయి, విడాకుల కేసు అక్కడుంది కాబట్టి ఇదీ అక్కడే వెయ్యాలి అంటున్నాడు. చెల్లెలి ఫ్రెండ్ బెంగళూరు అంటోంది, అక్కడైతేనే జీతం అటాచ్ చేస్తారట. మా మావయ్య విజయవాడ అంటున్నాడు. నాన్నగారికి బీపీ, రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఏది కరెక్టో చెప్పండి.

చార్మినార్ చౌరస్తా | మార్చి 3, రాత్రి 10:15

బ్రదర్, ఇందులో ఆలోచించేదేముంది? నాలుగు చోట్లా వేసెయ్యండి. ఊరూరా వాయిదాలకు తిరిగితే అతనే కాళ్ళబేరానికొస్తాడు.

ఖమ్మం నుంచి ఒకడు | మార్చి 3, రాత్రి 11:02

పైన చెప్పిన సలహా దయచేసి వినకండి. నేను అటువైపు మనిషిని, అంటే భర్తని. నా మీద ఖమ్మంలో డీవీసీ (గృహహింస కేసు), వరంగల్‌లో మెయింటెనెన్స్, నేనే వేసిన విడాకుల కేసులో ఇంకో మధ్యంతర పిటిషన్. రెండు కోర్టులు రెండు మొత్తాలు ఆర్డరు చేశాయి. నేను ఏడాదిన్నర ఆఫీసు సెలవులన్నీ వాయిదాలకే పెట్టాను. అయితే ఆమెకు ఒరిగిందేమిటి? ఆమె కూడా మా అబ్బాయిని చంకనేసుకుని మూడు కోర్టులకీ తిరగాల్సి వచ్చింది. చివరికి రెండో కోర్టులో, మొదటి ఆర్డరు కింద కడుతున్నది ఇందులో తగ్గించమని మా లాయరు అడిగితే తగ్గించారు. ఆమె మూడు కేసులకు పెట్టిన లాయరు ఫీజు మాత్రం వెనక్కి రాలేదు.

నేను కట్టాల్సింది కట్టను అనలేదు. ఒక్క చోట అడిగి ఉంటే మొదటి ఆరు నెలల్లోనే తేలిపోయేది.

వరంగల్ వకీలు | మార్చి 4, ఉదయం 7:20

తెనాలి బ్రదర్, మీ పోస్టులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఏ చట్టం కింద అడగాలి అన్నది ఒకటి, ఏ ఊళ్ళో అడగాలి అన్నది రెండోది. మొదటిది తేల్చుకుంటే రెండోది సగం తేలుతుంది.

అందరూ 125 కేసు అంటారే, పాత సీఆర్‌పీసీలోని భరణం సెక్షన్, అది 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 144 అయింది. ఎక్కడ వెయ్యాలో చెప్పేది 145, పాత 126. దాని ప్రకారం భర్త ఏ జిల్లాలో ఉంటే అక్కడ వెయ్యొచ్చు. భర్తగానీ భార్యగానీ నివసించే జిల్లాలో వెయ్యొచ్చు. ఇద్దరూ చివరిసారి కలిసి కాపురమున్న జిల్లాలో వెయ్యొచ్చు. ఈ లెక్కన బెంగళూరు కుదురుతుంది, హైదరాబాద్ కుదురుతుంది, మీ చెల్లెలు నివసించే చోటూ కుదురుతుంది. మూడింట్లో ఏది ఎంచుకోవాలన్నది ఆమె ఇష్టం. భర్త 'నాకు దూరం' అన్నంత మాత్రాన కోర్టు కేసు వెనక్కి పంపదు.

పెళ్ళి ఎక్కడ జరిగిందన్నది ఈ సెక్షన్‌లో లేనే లేదు. విడాకుల కేసుకి హిందూ వివాహ చట్టం సెక్షన్ 19లో పెళ్ళి జరిగిన ఊరికి విలువ ఉంది, మెయింటెనెన్స్‌కి లేదు. కాబట్టి 'పెళ్ళి తెనాలిలో అయింది కాబట్టి తెనాలి' అనేది సరైన కారణం కాదు. తెనాలి కుదరొచ్చు, కానీ ఆమె అక్కడ నివసిస్తోంది అని చూపించగలిగితేనే.

రెండో దారి, 2005 నాటి గృహహింస చట్టం. అందులో సెక్షన్ 27 ఇంకా విశాలం. తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వెయ్యొచ్చు, ఉద్యోగం చేస్తున్న చోట కూడా వెయ్యొచ్చు. కానీ ఆ కేసులో హింస జరిగిందని చెప్పాలి. డబ్బు ఇవ్వకుండా ఎండగట్టడం కూడా ఆ చట్టంలో హింసే. జరిగితేనే వెయ్యండి, ఎవరో చెప్పారని కల్పించి వెయ్యకండి.

మూడోది, ఆయన వేసిన విడాకుల కేసులోనే హిందూ వివాహ చట్టం సెక్షన్ 24 కింద మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు అడగడం. అది మాత్రం కేసు ఉన్న చోటే, అంటే హైదరాబాద్‌లోనే.

బెంగళూరు గురించి కూడా చెప్పేస్తాను, చాలామందికి ఈ అపోహ ఉంది. ఆర్డరు ఏ ఊళ్ళో వచ్చినా, భర్త ఏ ఊళ్ళో ఉంటే అక్కడి మెజిస్ట్రేటు దగ్గర దాన్ని అమలు చేయించుకోవచ్చు. బీఎన్ఎస్ఎస్ 147, పాత 128. జీతం బెంగళూరులో ఉందని కేసు బెంగళూరులో వెయ్యక్కర్లేదు.

నిర్వాహకులు | మార్చి 4, ఉదయం 8:05

ఈ చర్చలో రాసేవాళ్ళు భార్యాభర్తల అసలు పేర్లు, కేసు నంబర్లు, ఆఫీసు పేర్లు రాయవద్దు. రాసినవి తీసేస్తాం.

పాత బెంచ్ క్లర్క్ | మార్చి 4, ఉదయం 11:30

కోర్టు సిబ్బందిగా రిటైరైనవాణ్ణి. వకీలుగారు చెప్పినవన్నీ సరైనవే. బల్లకి ఇటువైపు నుంచి చూసినవి కొన్ని చెబుతాను.

మొట్టమొదట ఏప్రిల్ 10 సంగతి చూడండి. మెయింటెనెన్స్ ఎక్కడ వెయ్యాలా అని మీరు ఆలోచిస్తూ ఉంటే అక్కడ వాయిదా జరిగిపోతుంది. ఇలాంటివి చాలా చూశాను. 'మనం మన ఊళ్ళో కేసు వేశాం కదా, హైదరాబాద్ ఎందుకు వెళ్ళాలి' అని ఊరుకుంటారు. అక్కడ ఎక్స్‌పార్టీ, అంటే మీరు లేకుండానే, విడాకులు అయిపోతాయి. తర్వాత దాన్ని సెట్ అసైడ్ (రద్దు) చేయించుకోవడానికి ఏళ్ళు. ముందు హైదరాబాద్‌లో ఒక లాయరుతో వకాలత్ వేయించండి. ఆ తర్వాతే మిగతావి.

రెండోది. ఫ్యామిలీ కోర్టు ఉన్న ప్రాంతంలో 144 కేసు మెజిస్ట్రేటు తీసుకోరు, ఫ్యామిలీ కోర్టుకే వెళ్ళాలి. అది 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం. ఫ్యామిలీ కోర్టు పరిధి లేని చోట ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు చూస్తారు. దీనివల్ల పైకోర్టు కూడా మారుతుంది. మెజిస్ట్రేటు ఆర్డరు మీద రివిజన్ (పైకోర్టు ఆర్డరును మళ్ళీ పరిశీలించడం) జిల్లాలోనే సెషన్స్ కోర్టులో వెయ్యొచ్చు. ఫ్యామిలీ కోర్టు ఆర్డరు మీదైతే హైకోర్టుకే వెళ్ళాలి. మామూలు జీతగాడికి ఇది చిన్న తేడా కాదు. ఊరు ఎంచుకునేటప్పుడు ఎవరూ ఇది అడగరు, ఆర్డరు వచ్చాక అడుగుతారు.

మూడోది నోటీసు. చట్టంలో మధ్యంతర భరణం నోటీసు అందిన రోజు నుంచి వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలని ఉంది. ఆ 60 రోజులు నోటీసు అందాకే మొదలవుతాయి కదా. నోటీసు 'డోర్ లాక్' అని వెనక్కొస్తే నెలలు గడిచిపోతాయి. బెంగళూరు ఇల్లు, ఆఫీసు, తల్లిదండ్రుల ఇల్లు, మూడు అడ్రసులూ పిటిషన్లో పెట్టించండి.

పటమట లంక | మార్చి 4, మధ్యాహ్నం 2:10

నేను ఈ దారిలో నడిచినదాన్నే. ఇప్పుడు నా కేసు ముగిసి నాలుగేళ్ళు.

నివాసం గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు. నేను పుట్టింట్లో ఉంటున్నానని పిటిషన్లో రాశారు. నిజానికి నేను అప్పటికే పక్క జిల్లాలో ఉద్యోగంలో చేరాను. లాయరుగారికి వాళ్ళ ఊరి కోర్టు అలవాటు, అందుకని అలా రాశారు, నేను సంతకం పెట్టాను. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు నా హాస్టల్ రసీదు చూపించి, "ఈ రోజు మీరు ఎక్కడ నిద్రపోయారు?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. నిజం చెప్పడానికి వెళ్ళినదాన్ని అబద్ధాలకోరులా నిలబడ్డాను. కేసు పోలేదు, కానీ ఆ ఒక్క మాట మీద ఎనిమిది నెలలు వాదన నడిచింది.

చెల్లెలు నిజంగా ఎక్కడ ఉంటుందో అదే రాయించండి.

తెనాలి రైలుబండి | మార్చి 4, రాత్రి 9:15

అందరికీ ధన్యవాదాలు. పటమట లంక అక్కా, మీరు రాసింది చదివి గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే మేమూ సరిగ్గా అదే చెయ్యబోయాం.

కానీ ఇప్పుడు ఇంకో టెన్షన్. మా చెల్లెలు నివసించేది ఎక్కడ? వారానికి ఐదారు రాత్రులు విజయవాడ. కానీ పాప తెనాలిలో, సామాను తెనాలిలో, పండగ వస్తే తెనాలి. రెండూ వేరే వేరే జిల్లాలు. ఆధార్ చూస్తే మూడో ఊరు.

వరంగల్ వకీలు | మార్చి 5, ఉదయం 6:55

ఇది మంచి ప్రశ్న. 'నివసించడం' అంటే ఏమిటో సుప్రీం కోర్టు 1963లోనే చెప్పింది. అది ఆఫ్రికాలో ఉద్యోగం చేసే భర్త కేసు, పంజాబ్ నుంచి వచ్చింది. శాశ్వతంగా ఉండే ఇల్లు మాత్రమే నివాసం కాదు, ఒక చోటును తన ఇష్టంతో తాత్కాలికంగా ఇల్లు చేసుకున్నా అది నివాసమే అన్నారు. ఏదో పనిమీద వచ్చి రెండు రోజులుండి వెళ్ళడం మాత్రం నివాసం కాదు.

దీన్ని మీ చెల్లెలికి పెట్టి చూడండి. ఉద్యోగం చేసుకుంటూ ఆగస్టు నుంచి ఉంటున్న విజయవాడ హాస్టల్ చుట్టపుచూపు కాదు. బిడ్డ ఉన్న తెనాలి ఇల్లు కూడా చుట్టపుచూపు కాదు. నా అభిప్రాయంలో రెండూ నిలబడతాయి. పిటిషన్లో ఒకటి దాచి ఒకటి రాయకండి. 'వారమంతా ఉద్యోగరీత్యా ఇక్కడ, సెలవుల్లో బిడ్డ దగ్గర అక్కడ' అని ఉన్నది ఉన్నట్టు రాస్తే, పటమట లంక గారికి ఎదురైన ప్రశ్న మీ చెల్లెలికి ఎదురుకాదు.

ఆధార్‌లో పాత అడ్రసు ఉంటే కొంప మునగదు. హాస్టల్ రసీదులు, స్కూల్ అపాయింట్‌మెంట్ లెటర్, జీతం పడే బ్యాంకు బ్రాంచి, ఆ అడ్రసుకు వచ్చిన పోస్టు, ఇవి చాలు. ఆధార్ కూడా మార్పించుకోండి.

గోదావరి గట్టు | మార్చి 5, ఉదయం 10:40

ఆఫ్రికా భర్త కేసు అనగానే రాయాలనిపించింది. మాది రాజమండ్రి. ఆయన టెక్సస్‌లో. నన్ను ఇక్కడ దింపి 'వీసా పంపిస్తా' అని వెళ్ళాడు, ఆరేళ్ళయింది.

ఆ తీర్పులో నాకు పనికొచ్చిన ముక్క ఇంకోటి ఉంది. భర్త 'ఉన్న' చోట అంటే మనిషి ఆ రోజు అక్కడ ఉంటే చాలు, కాపురముండక్కర్లేదు. ఆయన వాళ్ళ నాన్నగారి కర్మకాండలకు పదిహేను రోజులు వచ్చాడు. మా లాయరు ఆ పదిహేను రోజుల్లోనే నోటీసు చేతికి ఇప్పించారు. కేసు మాత్రం నేను ఉండే రాజమండ్రిలోనే వేశాం. మెయిళ్ళకి జవాబివ్వని మనిషి అప్పుడు లాయర్ని పెట్టుకున్నాడు.

అక్కడి కోర్టులో విడాకులు తెచ్చుకుంటానని కూడా బెదిరించాడు. దానికి మా లాయరు 1991 సుప్రీం కోర్టు తీర్పు చూపించారు. అది మన తెలుగు జంట కేసే. తిరుపతిలో పెళ్ళి, అమెరికాలో కాపురం, భర్త మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. ఆమె ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, మన వివాహ చట్టంలో ఉన్న కారణం మీద విడాకులూ కావు. అందుకని ఆ డిక్రీ ఇక్కడ చెల్లదన్నారు. విదేశాల నుంచి కాగితం వస్తే భయపడిపోయి సంతకాలు పెట్టే అమ్మాయిలు ఉన్నారు, వాళ్ళ కోసం రాస్తున్నాను. తెలియకుండా అక్కడి కోర్టులో హాజరు కాకండి, అక్కడి కాగితం మీద సంతకం పెట్టకండి, ముందు ఇక్కడ ఒక లాయరుకు చూపించండి.

ఆర్డరు వచ్చినా డబ్బు రాబట్టడం నాకు కష్టంగానే ఉంది. అమెరికాలో ఈ ఆర్డరును నేరుగా అమలు చేయించే ఏర్పాటు లేదు. ఇక్కడ ఆయన పేరు మీదున్న ప్లాటు మీద అమలు పిటిషన్ వేశాం.

కొండారెడ్డి బురుజు | మార్చి 5, సాయంత్రం 4:25

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మేము ముస్లింలం, కర్నూలు. అక్కకి తలాక్ అయిపోయింది. ఆమెకు ఈ 144 వర్తించదని, వేరే చట్టం ఉందని ఒకాయన అన్నారు. నిజమేనా?

వరంగల్ వకీలు | మార్చి 5, రాత్రి 8:10

వర్తిస్తుంది. 2024 జులై 10న సుప్రీం కోర్టు ఇదే తేల్చింది, అదీ మన తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే. ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు వేస్తే హైకోర్టు 10 వేలు చేసింది. భర్త అసలే ఇవ్వక్కర్లేదని సుప్రీం కోర్టుకు వెళ్ళాడు, కొట్టేశారు. జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ బెంచి. విడాకులైన ముస్లిం మహిళల కోసం 1986 చట్టం ఉంది, నిజమే. కానీ అది 125 దారిని మూసెయ్యదు, ఏ దారిన వెళ్ళాలన్నది ఆమె ఇష్టం. అక్కగారు ఉండే కర్నూలులోనే వేసుకోవచ్చు.

సిక్కోలు తాత | మార్చి 5, రాత్రి 9:30

బాబూ, భార్యల సంగతేనా, తల్లిదండ్రులకీ ఇదే పద్ధతా? మా అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు, మేము శ్రీకాకుళం. వాడి ఊరు వెళ్ళి వెయ్యాలని పదేళ్ళ క్రితం ఒకరు చెబితే ఊరుకున్నాను.

పాత బెంచ్ క్లర్క్ | మార్చి 5, రాత్రి 10:00

పెద్దాయనా, అప్పుడు మీకు చెప్పినది అప్పటి చట్టం ప్రకారం సరైనదే. తానున్న చోట వేసుకునే వెసులుబాటు భార్యకే ఉండేది, తల్లిదండ్రులకు లేదని 2004లో సుప్రీం కోర్టు చెప్పింది. కొత్త చట్టం 145లో దాన్ని మార్చారు. తండ్రి గానీ తల్లి గానీ నివసించే జిల్లాలో ఇప్పుడు వెయ్యొచ్చు. మీరు శ్రీకాకుళం దాటక్కర్లేదు.

సీనియర్ సిటిజన్ల చట్టం, 2007 కింద ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్ కూడా ఉంది. అదీ మీరున్న చోటే. మీ వయసుకి అది తేలిక.

సిక్కోలు తాత | మార్చి 6, ఉదయం 5:50

చాలా సంతోషం నాయనా.

చార్మినార్ చౌరస్తా | మార్చి 6, ఉదయం 9:20

ఖమ్మం అన్నా, నేను మొన్న తొందరపడి రాశాను. మా అక్క విషయంలో బావ చేసిన పనికి కడుపుమంటతో రాసిన మాట అది. ఒక డౌటు. విడాకుల కేసును హైదరాబాద్ నుంచి విజయవాడకు మార్పించుకోవచ్చు కదా? అప్పుడు రెండూ ఒకే చోట ఉంటాయి.

వరంగల్ వకీలు | మార్చి 6, మధ్యాహ్నం 1:15

మార్పించుకోవచ్చు. కానీ మన రెండు రాష్ట్రాలవాళ్ళకు ఇక్కడ ఒక చిక్కుంది. ఒకే హైకోర్టు పరిధిలో ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు మార్చాలంటే ఆ హైకోర్టు చాలు. 2018 చివరిదాకా మనకు ఉమ్మడి హైకోర్టే కాబట్టి హైదరాబాద్ నుంచి విజయవాడకు అక్కడే పిటిషన్ వేసేవాళ్ళం. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులు వేరయ్యాయి. ఇప్పుడు మియాపూర్ కాపురం, విజయవాడ నివాసం అంటే సుప్రీం కోర్టుకే వెళ్ళాలి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 25 కింద. పల్లెల్లో ఉండే అమ్మాయికి ఢిల్లీ అంటేనే దడ. నా దగ్గరికొచ్చినవాళ్ళలో సగంమంది ఆ మాట వినగానే వద్దులెండి అంటారు.

భయపడక్కర్లేదు. ఆమె ఢిల్లీ వెళ్ళక్కర్లేదు, కాగితాలు వెళ్తే చాలు. చిన్నపిల్ల ఉండటం, సంపాదన తక్కువ కావడం, తోడు లేకుండా ప్రయాణం, ఇలాంటివి చూసి సుప్రీం కోర్టు చాలాసార్లు భార్య ఉన్న చోటికి మారుస్తుంది. వీడియోలో హాజరైతే సరిపోదా అని అడుగుతారు. 2017లో ముందు అలా చేయమన్నారు గానీ, అదే ఏడాది అక్టోబర్‌లో ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని సరిదిద్దింది. రాజీ ప్రయత్నం విఫలమయ్యాక, ఇద్దరూ కలిసి కోరితేనే ఫ్యామిలీ కోర్టు వీడియో విచారణకు ఒప్పుకోవచ్చు అన్నారు.

ఫీజు గురించి: ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని లీగల్ సర్వీసెస్ ఆఫీసులో అడగండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. సుప్రీం కోర్టుకు కూడా ఇలాంటి కమిటీ ఉంది.

ఖమ్మం నుంచి ఒకడు | మార్చి 6, రాత్రి 8:45

చౌరస్తా తమ్ముడూ, పర్వాలేదు. ఇంకో మాట. మొదటి పేజీలోనే పెండింగ్ కేసులన్నీ రాయించండి. 2020 నవంబర్ 4 నాటి రజనీష్ వర్సెస్ నేహా తీర్పు వచ్చాక ఇది తప్పనిసరి. వేరే చోట వచ్చిన ఆర్డరు దాచకూడదు, ఇద్దరూ ఆస్తులు అప్పులు చూపిస్తూ అఫిడవిట్ వెయ్యాలి. ఆ అఫిడవిట్ నాకూ మేలే చేసింది, నా హోమ్ లోను అందులో కనిపించింది. అదే తీర్పులో భరణం పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కకట్టాలి అని కూడా ఉంది. కాబట్టి ఊరు వెతుక్కుంటూ మీరు ఎన్ని నెలలు ఆలస్యం చేస్తే ఆ నెలల డబ్బు అన్నీ పోయినట్టే.

పటమట లంక | మార్చి 6, రాత్రి 9:30

ఇన్ని పోస్టులు చదివాను. అన్నయ్య చెప్పారు, నాన్నగారి బీపీ చెప్పారు, బాబాయి, మావయ్య, ఫ్రెండ్ అందరి మాటా చెప్పారు. చెల్లెలు ఏమంటోంది తెనాలి బ్రదర్? ప్రతి వాయిదాకి వెళ్ళి బెంచీ మీద కూర్చోవాల్సింది ఆ అమ్మాయే కదా.

తెనాలి రైలుబండి | మార్చి 7, ఉదయం 6:10

అక్కా, రాత్రి మీ పోస్టు చూసి చెల్లెలికి ఈ చర్చ లింకు పంపాను. నేను తనని అడగనే లేదని అప్పటిదాకా నాకు తట్టలేదు. తనే రాస్తానంది.

రైలుబండి చెల్లెలు | మార్చి 7, సాయంత్రం 6:40

నమస్కారం. మా అన్నయ్య నా గురించి రాసిన రెండో రోజే ఎవరో స్కూల్లో 'మీ అన్నయ్య తెనాలిలో కేసు వేయిస్తున్నాడట కదా' అని అడిగారు. అంటే నాకంటే ముందు ఊరికి తెలిసింది. అన్నయ్య మీద కోపం లేదు, నాకోసమే తిరుగుతున్నాడు.

నేను విజయవాడలో వెయ్యాలనుకుంటున్నాను. కారణాలు చెబుతాను, తప్పుంటే దిద్దండి.

తెనాలి కోర్టులో నాన్నకి తెలియని మనిషి లేడు. నలభై ఏళ్ళు అదే బజార్లో వ్యాపారం చేశారు. నాకు వాయిదా ఉన్న ప్రతిసారీ ఆయన నాతో వస్తానంటారు, వద్దంటే వినరు. కోర్టు వరండాలో తెలిసినవాళ్ళు పలకరిస్తుంటే తల దించుకుని నిలబడే నాన్నని నేను చూడలేను. విజయవాడలో అయితే నేను స్కూల్లో హాఫ్ డే లీవు పెట్టి వెళ్ళి, మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పీరియడ్‌కి వచ్చేయగలను. ఫ్యామిలీ కోర్టు అక్కడుంది. నేను పడుకునే మంచం ఆ ఊళ్ళోనే ఉంది.

హైదరాబాద్‌లో వద్దనుకోవడానికి ఒకటే కారణం. ప్రతి వాయిదాకి ఒక రాత్రి రైలు, పాపకి నేను లేని ఒక ఆదివారం. ఆయన ఇప్పుడు హైదరాబాద్‌లో లేనే లేడు, ఆయనా బెంగళూరు నుంచే రావాలి. అక్కడ కేసు ఎవరికి దగ్గరో నాకు అర్థం కాలేదు.

నాకు జీతం వస్తోంది కాబట్టి ఇవ్వరేమో అన్నదొక్కటే నా భయం.

వరంగల్ వకీలు | మార్చి 7, రాత్రి 8:30

తల్లీ, దిద్దడానికి ఏమీ లేదు. నీ కారణాలు మేము చెప్పిన సెక్షన్ల కంటే స్పష్టంగా ఉన్నాయి.

జీతం ఉందని భరణం రాకుండా పోదు. 18 వేలతో హాస్టలు, పాప ఫీజు, ఇంటి ఖర్చు గడుస్తున్నాయా, ఆయన స్థాయికి తగ్గట్టు మీరిద్దరూ బతకగలరా అన్నది కోర్టు చూస్తుంది. నీ జీతాన్ని దాచకు, అఫిడవిట్‌లో పైసాతో సహా రాయి. పాప పేరు మీద విడిగా అడుగు. నీ సంగతి ఎలా తేలినా, బిడ్డని పోషించే బాధ్యత నుంచి తండ్రి తప్పించుకోలేడు.

ఆయన అక్కడ 'కాపురానికి రమ్మని' ఇంకో కేసు వేసి డిక్రీ తెచ్చుకున్నా కంగారు పడకు. సరైన కారణంతో వెళ్ళకపోతే భరణం పోదని 2025 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది.

పాత బెంచ్ క్లర్క్ | మార్చి 7, రాత్రి 9:10

అమ్మా, ఫైలింగ్ రోజు హాస్టల్ రసీదులు ఒరిజినల్స్, వాటి జిరాక్సులు మూడేసి సెట్లు. పెళ్ళి ఫొటో, పాప బర్త్ సర్టిఫికెట్. హైదరాబాద్ సమన్ల కాపీ కూడా జత చెయ్యి. మర్చిపోతే ఆఫీసువాళ్ళు ఆబ్జెక్షన్ వేసి వెనక్కిస్తారు, వారం పోతుంది.

రైలుబండి చెల్లెలు | జూన్ 20, రాత్రి 9:50

చాలామంది మెసేజ్ చేసి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

మార్చి 24న విజయవాడ ఫ్యామిలీ కోర్టులో వేశాం. లీగల్ సర్వీసెస్ నుంచి వచ్చిన లాయరమ్మ చూస్తున్నారు. ఏప్రిల్ 10కి ముందే హైదరాబాద్‌లో వకాలత్ వేశాం, సుప్రీం కోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ నంబరైంది.

ఆయన కౌంటర్‌లో (జవాబులో) అనుకున్నట్టే రాశారు, నేను ఉండేది తెనాలి, ఈ కోర్టుకు అధికారం లేదు అని. పాప స్కూల్ సర్టిఫికెట్ పెట్టారు. మా పిటిషన్లో పాప తెనాలిలో ఉంటుందని మేమే మూడో పేరాలో రాశాం కదా, లాయరమ్మ ఆ పేరా చదివి వినిపించారు. తర్వాత ఆగస్టు నుంచి హాస్టల్ రసీదులన్నీ వరసగా ఇచ్చారు. జడ్జిగారు రెండు మూడు తిప్పి చూసి, నన్ను ఒకటే అడిగారు, స్కూలు ఎన్ని గంటలకని. ఎనిమిదిన్నరకి అన్నాను. మధ్యంతర భరణం మీద వాదనలు అయ్యాయి, ఆర్డరు జులై 4కి ఉంచారు.

నాన్న మొదటి వాయిదాకి వచ్చారు. రెండోసారి నేనొక్కదాన్నే వెళ్ళాను.

పటమట లంక | జూన్ 20, రాత్రి 10:20

జులై 4 పొద్దున నేను కోర్టు దగ్గరికి వస్తాను. గేటు దగ్గర టీ కొట్టు ఉంటుంది, అక్కడ ఉంటాను.

రైలుబండి చెల్లెలు | జూన్ 20, రాత్రి 10:35

రండక్కా. నేను తొమ్మిదిన్నరకల్లా వస్తాను. రేపు శనివారం, పాప దగ్గరికి వెళ్తున్నాను. ఆధార్ ఇంకా మార్చలేదు, సోమవారం మీసేవకి వెళ్ళాలి.